ముక్కు లేని రాజుగారి రూపాయి

వెనక వరండాలో మూతపెట్టిన గాజు గిన్నెలోంచి కూడా అసిటోన్ ఘాటు ముక్కుకి తగులుతోంది. గిన్నెలో మునిగి ఉన్నది మా తాతయ్య వెండి రూపాయి. రేపు శ్రావణ శుక్రవారం. ఏలూరులో మాతోనే ఉంటున్న మా మేనత్త, తన పుట్టింటి రూపాయినే కలశంలో వెయ్యాలని పట్టుబట్టింది. తీరా బయటికి తీస్తే దానికి పచ్చగా, జిగటగా ఏదో పట్టేసి ఉంది. తాతయ్య ఉన్నన్నాళ్లూ పాత పంచె ముక్కలో చుట్టి ఉంచిన రూపాయి అది, ఇలాంటి జిడ్డు ఎప్పుడూ పట్టలేదు. చదువుకున్నవాణ్ణి కదా, తాడేపల్లిగూడెంలో నాణేలు దాచుకునే ప్లాస్టిక్ జేబుల ఆల్బమ్ కొని అందులో దూర్చాను. ఆ ప్లాస్టిక్ కక్కిన జిడ్డే ఇది. ఇంకెవర్ని తిట్టను?

పైగా ఈ రూపాయికి నేను చేసిన మొదటి అపకారం ఇది కాదు. చిన్నప్పుడు పెదపాడులో తాతయ్య ఇంట్లో శ్రావణమాసమంటే కొల్లేరు మీంచి వచ్చే తడిగాలికి ఆరని బట్టల వాసన, నానబెట్టిన శనగలు, బూరెల మూకుడు కింద రాజుకోని కట్టెల పొగ, నూతిగట్టు మీద ఇత్తడి సామాను గుట్ట, మధ్యలో కుచ్చెళ్లు ఎగదోపుకుని చింతపండుతో బిందెలు తోమే అత్త. ఓ ఏడు పూజ రూపాయి నా చేతిలో పెట్టి, "నువ్వు తోమరా" అంది. వీధిలో గోళీలాట మొదలైపోయింది. చింతపండుతో నలుపు ఎంతకీ వదలకపోతే ఇటుక పొడి అందుకున్నాను. తళతళలాడాక పరుగెత్తి తాతయ్యకి చూపించాను. రూపాయి మీది రాజుగారి బొమ్మలో అసలే అరిగి ఉన్న ముక్కు పూర్తిగా పోయింది.

తాతయ్య తిట్టలేదు. పైపంచెతో తుడిచి, "పోన్లేరా, మొహం ఉందిగా" అన్నాడు. ఆ రోజు నాకు బూరె గొంతు దిగలేదు.

అందుకే ఇప్పుడు ఎవర్నీ ముట్టనివ్వడం లేదు. ఆ జిడ్డు కరగాలంటే గోళ్లరంగు తుడిచేది కాదు, రంగూ సెంటూ కలవని అసిటోన్ కావాలని నాలుగు షాపులు తిరిగాను. స్టవ్ ఆర్పించాను, కిటికీలు తెరిచాను. నానబెట్టాలి, రుద్దకూడదు, మళ్లీ కొత్త అసిటోన్‌లో ముంచి తీసి మెత్తటి గుడ్డ మీద ఆరనివ్వాలి. చెబితే వినేదెవరు! "ఏవండీ, పూజింట్లో ఈ కంపేంటండీ?" అంటుంది మా ఆవిడ. పక్కింటాయన టూత్‌పేస్టుతో రుద్దమన్నారు. అత్తయితే పొద్దుట్నుంచీ చింతపండు ముద్ద పట్టుకునే కూర్చుంది. ఆరబెడదామని బీరువా అంతా వెతికితే ఒక్క పాత నూలు పంచె లేదు, అన్నీ పాలిస్టరే. తాతయ్య పంచె ముక్క ఆల్బమ్ కొన్న రోజే పారేశాను. చివరికి నా బనీను చింపాను.

పచ్చజిడ్డు పోయింది. దాని కింద నా ఇటుక పొడి గీతలు నిన్న గీసినట్టు బయటపడ్డాయి. పెదపాడు ఇల్లు లేదు, ఆ నూతిగట్టు లేదు, అక్కడిప్పుడు చేపల చెరువు. ఇవి మాత్రం పోలేదు.

తిట్లకి సిద్ధపడే రూపాయి అత్త అరచేతిలో పెట్టాను. ఆవిడకి చూపు సరిగా ఆనదు. బొటనవేలితో మెల్లగా తడిమింది. ఒకచోట వేలు ఆగింది.

"ఆఁ, మా నాన్నదేరా. ఇదిగో, ముక్కు లేదు" అంది, మొహమంతా నవ్వుతో.

ఇన్నేళ్లుగా నేను సిగ్గుపడుతున్న ముక్కది. ఏమైనా అందామనుకునేలోపే, "మెరుపు లేదేంట్రా?" అంటూ రెండో చేత్తో చింతపండు తీసింది. రూపాయి లాగేసుకున్నాను.