సారా ప్యాకెట్లు పంచే వేళ

పాలిటెక్నిక్ పూర్తయిన వేసవి అది. బస్సెక్కితే స్టాపులు, వాటి మధ్య దూరాలు నోటుబుక్కులో రాసుకోవడం నాకు అలవాటు. నూజివీడులో సాయంత్రం బస్సెక్కి, పక్కన కూర్చున్న మామిడి కోత కూలీని ఎక్కడ దిగుతారని అడిగాను.

"ఎక్కడా దిగనండి. హనుమాన్ జంక్షన్ దాకా వెళ్ళి ఇదే బస్సులో తిరిగొచ్చేస్తా."

తోటలో రోజూ కోత ముగిశాక, కాపు కొన్న షావుకారు మనిషి కూలీలందరికీ తలా ఒక సారా ప్యాకెట్టు ఇస్తాడట. ఆ వేళకి తోటకి దూరంగా ఉండటానికే ఇతను రోజూ బస్సెక్కుతున్నాడు. తాగుడు మాని పందొమ్మిది రోజులైంది.

"ప్యాకెట్టు బదులు నాలుగు కాయలిమ్మని అడిగానండి. అందరూ నవ్వారు."

ఊరు దాటాక, ఎవరో చెయ్యెత్తితే బస్సు సరిగ్గా ఆ తోట ముందే ఆగింది. అతని బావమరిది పరుగున వచ్చి కిటికీలోంచి ప్యాకెట్టు అందించబోయాడు.

"నీ వాటా బావా! మా అక్కకి చెప్పనులే, పట్టు!"

అతను ప్యాకెట్టు మీంచి చూపు తిప్పుకోలేకపోయాడు. "బస్సు కదిలేదాకా నా చెయ్యి పట్టుకోండి బాబూ" అన్నాడు.

రెండు చేతులతో పట్టుకున్నాను. మామిడి సొన కాల్చిన మచ్చలున్న ఆ చెయ్యి నా వేళ్ళని గట్టిగా బిగించింది.

బస్సు కదిలింది. "దాచి ఉంచుతా, వచ్చేప్పుడు తీసుకో!" అని వెనక నుంచి కేక వినిపించింది.

జంక్షన్లో దిగి, వెళ్ళలేక అక్కడే నిలబడ్డాను. నేను లేచిన సీట్లో ఖాళీ గంపతో ఒక ముసలమ్మ కూర్చుంది. అతను తల వంచుకుని ఆమెకి ఏదో చెప్పాడు. ఆమె గంప కింద పెట్టి, అతని చేతిని తన ఒళ్ళోకి తీసుకుంది.