అవ్వ పలకని పేరు

2006లో భద్రాచలం దారిలోని ఒక మండల రెవెన్యూ ఆఫీసులో రికార్డ్ అసిస్టెంట్‌గా చేరాను. పని రికార్డ్ రూమ్‌లో. మనుషుల కంటే బీరువాలు ఎక్కువ కాబట్టి నాకు నచ్చిన ఉద్యోగం.

ఒక ఉదయం భద్రయ్య అనే ఆయన వాళ్లమ్మను వెంటబెట్టుకుని వచ్చాడు. పాల్వంచ పవర్ స్టేషన్‌లో షిఫ్టు పని చేస్తాడట. ఆయన ఉయ్యాలలో ఉండగానే తండ్రి పోయాడు. తల్లి పుట్టింటికి చేరింది. తర్వాత వాగు ముంచెత్తి అత్తవారి గూడెమే ఖాళీ అయింది. మనుషులు తలో దిక్కు పోయారు.

"వచ్చే నెల నా బిడ్డ పెండ్లి మేడం. పందిట్ల మా నాయన దిక్కు మనిషి ఒక్కడన్న నిలబడాలె. పెదనాయన పిల్లలు యాడనో ఉండే ఉంటరు."

"మీ తాత పేరేంటి? పాత భూమి ఆయన పేరనే ఉంటుంది."

"అమ్మకే ఎరుక. చెప్పదు."

మామ పేరు, బావ పేరు నోటితో పలకడం అవ్వకు తప్పు.

"చిన్నప్పటి సంది గిట్లనే సతాయిస్తది మేడం."

"సతాయించుడేందిరా? పెద్దల పేరు నోట పట్టుకుంటరా?" అని కొడుకును గదిమి, నా మీద జాలిపడి అవ్వ ఒక ఆచూకీ ఇచ్చింది. "సీతమ్మ పెనిమిటి పేరే బిడ్డా."

భద్రాచలం చుట్టుపక్కల అదేం ఆచూకీ! ఆ గూడెం పాత పహాణీ తీశాను. ఏ భూమి ఎవరి పేర ఉందో, ఎవరు సాగు చేస్తున్నారో ఏటా రాసే రిజిస్టరు అది. పేజీ నిండా రాముళ్లే. ఇంటిపేరు కూడా సగం మందికి ఒకటే.

ఇక ఒక్కో పేరూ పైకి చదివి, అవ్వను ఆనవాలు పట్టమనడమే దారి. బళ్లో లేచి పాఠం చదవమంటేనే వణికేదాన్ని.

"గట్టిగ సదువు బిడ్డా, నాకు చెవులు మందం."

"పెద రామయ్య... రాములు... సీతారాములు..."

అవ్వ స్టూలు మీద కదలకుండా కూర్చుంది. "రఘురాములు" అనగానే కొంగు తలమీదికి లాక్కుని లేచి నిలబడింది. విసుగొచ్చి వెళ్లిపోతుందేమో అనుకున్నాను.

"కూసో అవ్వా, ఇంకా రెండు పేజీలున్నయి."

"మామ ముంగట కూసుంటనా బిడ్డా?"

భద్రయ్య తల్లినీ పహాణీనీ మార్చి మార్చి చూశాడు. తర్వాత "మా తాత రఘురాములా!" అని అరిచాడు.

"మెల్లగ అనరాదురా!" అని కసిరింది అవ్వ.

ఆ పైన పని తేలికైంది. ఆ సర్వే నంబరు పట్టుకుని కొత్త పహాణీల దాకా వచ్చాను. పట్టాదారు పోయాక వారసుల పేరు ఎక్కించడాన్ని మ్యుటేషన్ అంటారు. ఆ ఫైల్లో పెదనాన్న కొడుకులిద్దరి పేర్లతోపాటు, వాళ్లిప్పుడు ఉంటున్న ఊరు కూడా దొరికింది.

పది రోజులకు షేర్ ఆటో నిండా జనంతో మళ్లీ వచ్చారు. భద్రయ్యకు చెరోపక్క ఒక అన్న. ముగ్గురివీ ఒకే రకం దొప్ప చెవులు.

అప్పటిదాకా రికార్డు చదవడమంటే పేజీ మీంచి కళ్లు తీయకపోవడమే అనుకునేదాన్ని. ఆ తర్వాత ఒక్కో పేరూ చదివి, తలెత్తి ఎదుటి మనిషి ముఖం చూడడం నేర్చుకున్నాను. నాలాంటిదానికి అది చిన్న సంగతి కాదు.

అవ్వ స్టూలు మీద కూర్చుని పెళ్లి కార్డు నా చేతిలో పెట్టింది. మొదటి వరుసలోనే రఘురాములు పేరు అచ్చయి ఉంది.

"సదువు బిడ్డా, గట్టిగ."

నేనింకా మొదటి వరుస అందుకోనేలేదు. ఆమె కొంగు సర్దుకుని లేచి నిలబడింది.