పెరుగన్నంలో కలిపిన గోలి

వార్డులో ఎవరో మంచానికి వేపమండ కట్టారు. ఆ చేదు వాసన తగిలితే చాలు, నాకు ఎస్తేరు సిస్టర్ గుర్తొస్తుంది. జనగామలో ఓ చిన్న ప్రైవేటు దవాఖానలో నేను కొత్త నర్సుగా చేరినప్పుడు ఆమె మాకు హెడ్డు. పాలకుర్తి దగ్గర పల్లె ఆమెది. నోరు పెద్దది. గోలి చేతిలో పెట్టే ముందు ప్రతి మనిషినీ అడగాలనేది: "నీకు ఏ మందు పడదు? మీ ఇంట్ల ఎవ్వలికన్న పడలేదా?" ఓసారి నేను అడక్కుండానే ఒకామెకు ఫిట్స్ గోలి ఇవ్వబోతే చేతిలోంచి లాక్కుంది.

"డాక్టర్ సారే రాసిండు గద సిస్టర్, గింత పరేషాన్ ఎందుకు?" అన్నాను రోషంగా.

తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. స్టూలు మీద కూర్చుని తన పెద్దకూతురు జ్యోతి సంగతి చెప్పింది. పదేళ్ల పిల్లకు ఫిట్స్ వస్తే గోలీలు మొదలుపెట్టారట. రెండు వారాలకు జ్వరం, ఒళ్లంతా పొక్కులు. అమ్మతల్లి పోసిందని సిస్టర్ వాళ్ల అత్త వేపాకు పరిచి, మందులు ముట్టనివ్వనని అడ్డం కూర్చుంది.

"మేం ప్రభువును నమ్మినోళ్లం. పైగ నేను నర్సును. ముసలామెకు ఏం ఎరుక అనుకున్న. గోలి ఆపితే మల్ల ఫిట్స్ వస్తయని, నూరి పెరుగన్నంల కలిపిన. నోరంత పుండ్లు. మింగలేక ఏడుస్తుంటె బుజ్జగించి తినిపించిన."

వరంగల్‌కు తీసుకుపోయేసరికి పిల్ల ఒంటి మీద తోలు ఊడి వస్తోంది. అది అమ్మవారు కాదు, ఆ గోలి పడకపోవడమేనని అక్కడి డాక్టరు చెప్పాడు. మూడో రోజు జ్యోతి పోయింది.

"అత్త మాట ఇన్నా నా బిడ్డ దక్కేది," అంది సిస్టర్.

నేను చేరిన కొన్నేళ్లకు సిస్టర్ చిన్నకూతురు సునీతకూ ఫిట్స్ మొదలయ్యాయి. పరీక్ష కాకుండా గోలి ముట్టనివ్వనని సిస్టర్ మొండికేసింది. పుట్టుకతో వచ్చిన గుణాన్ని రక్తంలో చూసి, ఏ మందు హాని చేస్తుందో ముందే చెప్పే పరీక్ష అది. తల్లీబిడ్డలిద్దరి రక్తం హైదరాబాదుకు పంపాం. వచ్చిన కాగితం నేనే చదివాను. అక్కను తీసుకుపోయిన మందు చెల్లెలికీ ముప్పే. ఆ గుణం ఆమెకు తల్లి నుంచే వచ్చింది. డాక్టరు వేరే మందు రాశాడు, సునీత నిక్షేపంగా ఉంది.

"చిన్నది గండం దాటింది సిస్టర్!" అని ఆమె చేతులు పట్టుకున్నాను.

"దాటింది బిడ్డా," అంది, కాగితం మీద నుంచి చూపు తిప్పకుండా. "పెద్దదానికి గా గుణం నేనే ఇచ్చి ఉంట. గోలీ నేనే ఇచ్చిన."

ఆమె పక్కన కూర్చుని నేనూ ఏడ్చాను.

సిస్టర్ పోయి రెండేళ్లయింది. మహబూబాబాద్‌లో ఇప్పుడు నేను హెడ్డును. ఫిట్స్ మందు రాసినప్పుడల్లా పరీక్ష అయిందా అని అడుగుతాను. కొత్త డాక్టర్లు విసుక్కుంటారు. విసుక్కోనీ. మందు వద్దని ఏడ్చే పిల్లను బుజ్జగించి మింగించడం మాత్రం ఇన్నేళ్లయినా నాకు చేతకాదు. గోలి పక్కన పెట్టి, పుండ్లేమైనా ఉన్నాయేమోనని ముందు ఆ పిల్లను నోరు తెరవమంటాను.