సున్నం గీత

డెడ్‌లైన్ అనే మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. వనపర్తిలో నేను పాఠాలు చెప్పే ప్రైవేటు బడిలో ఎవరో ఒకరు ఆ మాటతో నా ప్రాణం తీస్తూనే ఉంటారు. మొన్న ఓ ఆదివారం కోపం పట్టలేక, అసలు ఇదెక్కడ పుట్టిందో వెతికాను. అమెరికాలో అంతర్యుద్ధం నాటి ఖైదు శిబిరంలో ఒక హద్దు ఉండేదట. దాన్ని దాటిన ఖైదీని కాపలావాళ్లు అక్కడికక్కడే కాల్చేసేవాళ్లట. ఆ హద్దు పేరే తర్వాత గడువుకు అంటుకుంది.

చదవడం ఆపేశాను. అలాంటి గీతను నేను కళ్లారా చూశాను.

నా పదో తరగతి అయిపోయిన ఎండాకాలం అది. పాన్‌గల్ దగ్గరి మా ఊరి నుంచి అమ్మానాన్నలతో రాష్ట్రం దాటి దూరదేశం కాలువ పనికి పోయాను. మమ్మల్ని తోలుకుపోయిన మేస్త్రీ మా ఊరివాడే, అమ్మకు వరసకు అన్న. సొంతమనిషి వెంట పోతే ఆపదకు అడ్డుపడతాడని మావాళ్ల నమ్మకం. తవ్వాల్సిన చోట ముగ్గు పోసే సున్నంతోనే ఆయన మా గుడిసెలకూ రోడ్డుకూ మధ్య గీత పోశాడు. పని తెగేదాకా ఎవరూ దాటొద్దన్నాడు.

ఒక మధ్యాహ్నం అమ్మ ఎండదెబ్బకు మట్టితట్టతో సహా కూలిపోయింది. నాన్న ఆమెను భుజాన వేసుకుని రోడ్డు వైపు నడిచాడు. మేస్త్రీ అడ్డమొచ్చాడు.

“బావా, జర ఇడువు. దవాఖానకు తోల్కపోత.”

“ఒక్కడు పోతే అందరు పోతరు. డెడ్‌లైన్ దగ్గరికొచ్చింది, తెల్వదా?”

నాన్న గీత దాటాడు. మేస్త్రీ పార కట్టెకామ ఎత్తి కొట్టాడు. నాన్న కుడిచేతి ఎముక విరిగిన చప్పుడు నాకు వినిపించింది. అమ్మ జారి నేల మీద పడింది. పడ్డ తన చెల్లెల్ని చూడనైనా చూడకుండా మేస్త్రీ నాన్న వీపు మీద మళ్లీ కొట్టాడు. నేను చేతికందిన రాయితో అతని మూతి పగలగొట్టాను. పళ్లు రాలాయి, నెత్తురు సున్నం మీద కారింది. ఇంకో రాయి ఎత్తాను. అప్పుడు గాని మిగతా కూలీలు కదల్లేదు. వాళ్లే అమ్మను పని దగ్గరి ట్రాక్టర్ ఎక్కించారు.

ట్రాక్టర్ దవాఖానకు చేరేసరికి అమ్మ లేదు. అతన్ని ఇంకా గట్టిగా కొట్టలేదనే బాధ నాకు ఈనాటికీ ఉంది.

ఆ ఆదివారం సాయంత్రమే నాన్నకు డెడ్‌లైన్ అనే మాట పుట్టుక చెప్పాను. వంకరపోయిన చేతిని ఒళ్లో పెట్టుకుని విన్నాడు.

“ఆ గీత గీసినోడు వాళ్ల ఊరోడేనా?”

“కాదు నాయినా. శత్రువుల సిపాయిలు.”

“గట్లయితె నయమే,” అన్నాడు.