ఎర్రగీత దాటని సరంగు

బావ పోయాడన్న కబురు నాకు నడిసముద్రంలో, బోటు మీద వైర్‌లెస్ సెట్‌లో తెలిసింది. మా అక్క మొగుడు, నాకు బోటు నడపడం నేర్పిన సరంగు. పొద్దుగుంకకముందే పాడె ఎత్తేస్తాం, బేగి రమ్మన్నారు. నా చెయ్యి దానంతటదే ఇంజను స్పీడు పెంచబోయింది. అంతలోనే ఆగి, ఆయిలు ట్యాంకు మూత తీసి కర్ర దించాను.

ఆ కర్ర సంగతి మీకు చెప్పాలి. అది బావదే. వెదురు కర్ర, మధ్యలో ఎర్ర రంగు గీత. డీజిలు గీత దగ్గరికి దిగిందంటే సగం అయిపోయినట్టు. చేపలు ఎగిరి పళ్లెంలో పడుతున్నా సరే, అక్కణ్ణుంచి బోటు ఇంటికి తిప్పేసేవాడు. ఇంట్లోనూ అదే యావ. కిరసనాయిలు స్టవ్వులో చీపురుపుల్ల ముంచి చూస్తేగాని వంట మొదలెట్టనిచ్చేవాడు కాదు. అన్నం గిన్నెలో కూడా పెట్టు నీ పుల్ల, అని అక్క కసిరేది.

తొంభైల్లో అప్పు చేసి కొన్నాడు ఆ మరబోటు. మొదట్లో బాగానే గడిచింది. తర్వాత దగ్గర్లో చేప పల్చబడింది. దూరం పోదామంటే డీజిలు రేటు ఏటేటా పైకే. సావుకారు దగ్గర ఆయిలూ ఐసూ అరువు తెచ్చుకోవడం, పడ్డ సరుకంతా అతను చెప్పిన రేటుకి అతనికే పొయ్యడం. అప్పు తీర్చడానికి వెళ్లిన ప్రతి వేటా అప్పు పెంచేది. జెట్టీలో అందరిదీ అదే గోల. బోట్లు ఆగితే ఐసు ఫ్యాక్టరీ ఆగేది, వలలు బాగుచేసేవాళ్లకి పని ఉండేది కాదు, కూర్మన్నపాలెంలో చేపలమ్మే మా అక్క బేరం లేక ఇంట్లో కూర్చునేది.

ఒకసారి సావుకారు తెగేసి చెప్పాడు, ఈ వేటలో సరుకు రాకపోతే బోటు తీసుకుంటానని. ఆ వేటలో వలకి చెత్త తప్ప ఏమీ తగల్లేదు. ఆయిలు గీత దాకా దిగింది. ఇంకా లోపలికి పోతే రొయ్య ఉందని పక్క బోటువాళ్లు కేకేసి అటు పోయారు. బావ కర్ర తుడిచాడు, మళ్లీ దించాడు, మళ్లీ తుడిచాడు. పోదాం బావా, లేకపోతే బోటు దక్కదు అన్నాను.

"బోటు పోతే పోద్ది. అప్పోడు గట్టు మీదుంటాడ్రా. ఆయిలైపోతే మనం గట్టుకే రాం" అని తిప్పేశాడు.

దారిలో ఎదురుగాలి లేచింది. ఒడ్డున యారాడ కొండ కనబడేసరికి కర్ర చివర తడి మాత్రమే మిగిలింది. ప్రాణాలరచేతిలో పెట్టుకుని హార్బరు చేరాం. రొయ్యకని లోపలికి పోయిన ఆ పక్క బోటు ఆయిలైపోయి, ఎవరి చేతో లాగించుకుని వచ్చింది గానీ, నిండా రొయ్యతో వచ్చింది. జెట్టీ అంతా బావని పిరికోడంది. సావుకారు అన్నంత పనీ చేశాడు. సొంత బోటు మీదే బావ జీతానికి సరంగయ్యాడు. ఒక్క షరతు పెట్టాడు, గీత దాటించమని తనని అడగకూడదని. సావుకారు నవ్వి ఒప్పుకున్నాడు. ఆ నవ్వు తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది. మోకాళ్లు పట్టుతప్పాక బావ ఆ పనీ, ఆ కర్రా నాకప్పగించాడు.

మొన్న బావ కబురు విని కర్ర దించి చూస్తే ఆయిలు సరిగ్గా గీత మీదుంది. స్పీడు పెంచితే దారిలోనే అయిపోతుంది. నెమ్మదిగా వెళితే ఆఖరి చూపు దక్కదు. బోటులో పనిచేసే కలాసీలు నా మొహంలోకే చూస్తున్నారు. నేను స్పీడు పెంచలేదు. ఆ దారంతా ఏడుస్తూనే ఉన్నాను.

జెట్టీ చేరేసరికి పొద్దు గుంకిపోయింది. హార్బరు దగ్గర ఆఖరిసారి దించిన కర్ర చేతిలో అలాగే ఉందని కూడా తెలియకుండా పరిగెత్తాను. వాకిట్లో పాడె కదల్లేదు. పెద్దలు విసుక్కుంటున్నా అక్క ఎత్తనివ్వలేదట.

"నా తమ్ముడు ఆయిలు సూసుకునొత్తాడు. ఈ మనిసి నేర్పిందే గదా. ఆగండి" అందట.

నన్ను చూసి అక్క దగ్గరికొచ్చింది. నా చేతిలో కర్ర అందుకుని, చివర ఉన్న తడి చూసింది. కొంగుతో తుడిచి మళ్లీ నా చేతికే ఇచ్చింది.