స్వరూపతో బార్బెక్యూ, శనివారం మధ్యాహ్నం

దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్లో ఉంటూ కోచింగ్‌కి వెళ్లే రోజుల్లో నేనూ, నా రూమ్మేట్ స్వరూపా రోజూ ఒక బార్బెక్యూ హోటల్ ముందు నుంచే నడిచేవాళ్లం. ఆ వాసనకి కడుపులో ఎలుకలు పరిగెత్తేవి. ఉద్యోగాలు రాగానే ఇక్కడే తిందామనుకున్నాం. ఉద్యోగాలొచ్చి ఆరేళ్లయింది. గుంటూరు నుంచి వచ్చిన నేను వనస్థలిపురంలో స్థిరపడ్డాను, నల్గొండ పిల్ల స్వరూప సైదాబాద్‌లో ఉంటోంది. మధ్య దూరం పది కిలోమీటర్లే. అయినా ముఖాలు చూసుకుని నాలుగేళ్లు! అనుకున్న ప్రతిసారీ ఏదో ఒకటి అడ్డొచ్చి వాయిదా పడేది. దాన్ని చూడాలని ప్రాణం కొట్టుకుపోయి, మొన్న శనివారం ఒంటిగంటకి టేబుల్ బుక్ చేసేశాను.

పన్నెండింటికి ఆటోలో ఎల్బీనగర్ చేరి మెట్రో ఎక్కితే మూడో స్టేషనే దిల్‌సుఖ్‌నగర్. అక్కడి నుంచి నడకే. బఫే మనిషికి తొమ్మిది వందల చిల్లర, వెజ్ అయితే కాస్త తక్కువ. మధ్యాహ్నం మూడున్నర వరకు ఉంటుంది. టేబుల్ మధ్యలో నిప్పుల పొయ్యి, పక్కన చిన్న జెండా. అది నిలబడి ఉన్నంతసేపు ఊచలకు గుచ్చిన ముక్కలు వస్తూనే ఉంటాయి. దించితే ఇక చాలని అర్థం.

స్వరూప నాకంటే ముందే వచ్చి కూర్చుంది. "ఎట్లున్నవే? గింత బక్కగైనవేంది?" అంటూ పట్టుకున్న చేయి వదల్లేదు. వెయిటర్ చికెన్ ఊచలు తేగానే మాత్రం, "నాకు పైనాపిల్ చాలన్నా" అంది. అప్పుడు గుర్తొచ్చింది, శనివారం అది నీసు ముట్టదు! రెండేళ్లు ఒకే గదిలో ఉండి ఎలా మరిచిపోయానో. సిగ్గుతో చచ్చిపోయాను.

"ముందే చెప్పొచ్చుగా! ఇంకో రోజు పెట్టుకునేవాళ్లం."

"అందుకే చెప్పలే. ఆ ఇంకో రోజు, ఇంకో రోజు అనుకుంటనే నాలుగేండ్లు పోయినయ్. నేను కోడి కోసం వచ్చిన్నా ఏందే?"

పొయ్యి మీది పైనాపిల్ ఊచ తీసి దాని పళ్లెంలో పెట్టాను.

మూడింటికల్లా ఇద్దరికీ గొంతుదాకా అయింది. "జెండా దించేయమంటారా మేడం?" అన్నాడు వెయిటర్. నేను చేయి చాపేలోగా స్వరూప దాన్ని గట్టిగా పట్టుకుంది. "జర ఉండనియ్యన్నా." ఇంకో పుట్టగొడుగుల ఊచ వచ్చింది. చెరో ముక్క తీసుకుని అరగంట నమిలాం.

తిరుగు మెట్రోలో నా చున్నీ నిండా పొగ వాసన. వారమైనా ఉతకబుద్ధి కాలేదు. ఒకే ఊళ్లో ఉన్న మనిషి మీద ఇంత బెంగ పెట్టుకోవచ్చని నాకు తెలియదు. మీరూ వెళ్తుంటే, బుక్ చేసే ముందు ఎదుటివాళ్లు ఏ వారం నీసు తినరో అడగండి. వాళ్లకి ఆ రోజే కుదురుతుందంటే మాత్రం ఆ రోజే వెళ్లండి.