అవతలి వైపు మాట

ఆ బడిలో పిల్లలు జుట్టూ జుట్టూ పట్టుకుంటే, టీచర్లు వాళ్లను బడి ఊడ్చే ఆయమ్మ దగ్గరికే తోలేవారు. ఆమె పద్ధతి ఒకటే. ఎవరి మాట వాళ్లు చెప్పుకోకూడదు. అవతలివాళ్ల మాట చెప్పాలి, వాళ్లు "అవును, అంతే" అనేదాకా. ఇరవై ఏళ్లుగా ఎంత రగడైనా ఆమె కూర్చునే మెట్ల మీదే చల్లారేది.

ఆ రోజు పెన్సిల్ కోసం కొట్టుకుని రాజీపడ్డ ఇద్దరిలో ఒక బుడంకాయ కదల్లేదు.

"ఆయమ్మా, నువ్వు వంటమ్మతో మాట్లాడవేం?"

బడిలో పిల్లలకు వండిపెట్టే వంటమ్మ ఆయమ్మకు స్వయానా తోడికోడలు. తొమ్మిదేళ్లుగా ఇద్దరికీ మాటల్లేవు.

"అదో పెద్ద కథలే. నలుగురిలో నన్ను పట్టుకుని..."

"నీది కాదు, ఆమెది చెప్పు!"

ఆయమ్మ చీపురు పక్కన పెట్టి చెప్పబోయింది. తన మాటయితే నిద్రలో లేపి అడిగినా గడగడా అప్పజెప్పగలదు. తోడికోడలిది? ఎంత బుర్ర గోక్కున్నా ఒక్క ముక్క తట్టలేదు. ఇదేం విడ్డూరం!

"మర్చిపోయావా?" అంది పిల్ల.

"లేదే," అంది ఆయమ్మ అయోమయంగా వంటగది వైపు చూస్తూ, "అసలు అడగనేలేదు."